పెట్టె సర్దుకున్న ఆదివారం

పోయిన వారం మనం క్లిఫ్ ఆర్మిటేజ్‌ని గ్రేంజర్ గారి మాంసం కొట్టు ముందు, సన్నటి వానలో, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ చోట వదిలి వచ్చాం. పదిహేడేళ్ళు హెక్‌బీ రగ్బీ జట్టు చొక్కా తప్ప మరొకటి తొడగని ఆటగాడు క్లిఫ్. రెండేళ్ళుగా అదే జట్టుకు కోచ్. జట్టు మొదటి డివిజన్ అంచు పట్టుకుని వేలాడుతోంది. సీజన్‌లో ఇంకా ఐదు మ్యాచ్‌లే ఉన్నాయి. దాన్ని పడిపోకుండా నిలబెడుతున్న కుర్రాడు ఒక్కడే, ఇరవై రెండేళ్ళ నీల్ స్పెయిట్. ఆ ఒక్కడూ కొండల ఆవలి రెన్‌ఫోర్త్ జట్టుకు పోతానంటున్నాడు. పోతానంటే పట్టి ఉంచబోమని కమిటీ ఒకసారి మాట జారింది. గురువారం సాయంత్రం ఐదింటికి నీల్ మైదానానికి వచ్చి ఏ సంగతో చెప్పాలి.

చైర్మన్ గ్రేంజర్ కత్తి తుడుచుకుంటూ క్లిఫ్‌తో అన్నది ఒకటే మాట. "మేం చెబితే వాడు వినడు. నువ్వు చెబితే వింటాడు. అరవై ఒకటిలో ఇదే రెన్‌ఫోర్త్ వాళ్ళు నీ గుమ్మం దాకా వస్తే పొమ్మన్నావు చూడు, ఆ కథ చెప్పు. నీ నోటితో చెప్పు."

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ కథను ఊరు చెప్పుకుంది, పత్రిక రాసింది, సారా కొట్లలో తాగినవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. అప్పటి నుంచి పదిహేడేళ్ళలో క్లిఫ్ మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. అది అతని వినయం అనుకున్నారు అందరూ.

గురువారం మధ్యాహ్నం రెండు దాటాక క్లిఫ్ ఆల్మా వీధిలోకి తిరిగాడు. స్పెయిట్ వాళ్ళ ఇంటి ముందు ఆగబోయి ఆగలేక, వీధి చివరిదాకా వెళ్ళి, రేవుచీనీ కాడలు పెంచే షెడ్ల దగ్గర కాసేపు నిలబడి, వెనక్కి తిరిగాడు. మళ్ళీ అదే తంతు. మూడోసారికి, ఎదురింటి గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని మెట్టు తోముతున్న ముసలావిడ తలెత్తింది.

"ఏం క్లిఫ్, కౌన్సిల్ వాళ్ళు వీధి కొలవమన్నారా?"

"గాలి పీల్చుకుంటున్నా, పెద్దమ్మా."

"పీల్చుకో నాయనా, పీల్చుకో. శనివారం నీ కుర్రాళ్ళు బంతి పట్టుకోవడం చూశాను. దానికంటే మా ఆయన తడి సబ్బు పట్టుకోవడం నయం. ఆ స్పెయిట్ పిల్లాడు కూడా పోయాడంటే ఇక నువ్వు గాలి పీల్చుకుంటూ కూర్చోవడమే!"

ఆవిడ నుంచి తప్పించుకోవడానికే క్లిఫ్ తలుపు తట్టాడేమో అనిపిస్తుంది.

తలుపు తీసింది ఎడ్నా, నీల్ తల్లి. మోచేతుల దాకా పిండి. భర్త హోరేస్ స్పెయిట్ పోయి ఆరేళ్ళయినా ఆవిడ గురువారం రొట్టెలు కాల్చడం మానలేదు. హోరేస్ అంటే క్లిఫ్‌కి ఒక స్నేహితుడు అని చెబితే చాలదు. గనిలో ఒకే సొరంగంలో, ఒకే షిఫ్టులో పక్కపక్కన బొగ్గు కొట్టారు. ఆటలో రెండు జట్లూ భుజాలు కలిపి తోసుకునే స్క్రమ్ కట్టినప్పుడు నడుమ నిలబడి కాలితో బంతి లాగేవాడు క్లిఫ్. అతని ఎడమ చెయ్యి పదేళ్ళు హోరేస్ మెడ మీదే ఉంది. చివరికి ఆ మెడ, ఆ ఛాతీ బొగ్గు ధూళికి కరిగి చీపురుపుల్లలా అయితే, శవపేటిక మోసిన ఆరుగురిలో ముందు నిలబడ్డవాడూ క్లిఫ్ఫే.

"రా. ఎప్పుడొస్తావా అని చూస్తున్నాను," అంది ఎడ్నా. "కిటికీలోంచి మూడుసార్లు కనిపించావు."

నీల్ బల్ల దగ్గర కూర్చుని మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టె తింటున్నాడు. పొద్దుటి షిఫ్టు దిగి, గని దగ్గరే స్నానం చేసి వచ్చాడు. ఎంత రుద్దుకున్నా కనురెప్పల అంచున బొగ్గు మాత్రం కాటుకలా మిగిలిపోయింది. వాళ్ళ నాన్నకీ అలాగే ఉండేది.

"కూర్చో బాబాయ్. గ్రేంజర్ పంపాడు కదూ?"

"పంపాడు."

"ఏం చెప్పమన్నాడు?"

క్లిఫ్ కూర్చున్నాడు, లేచాడు, పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. అరచేతులు చాపాడు గాని వేడి తెలియలేదు. "ముందు నువ్వు చెప్పు. ఎందుకు పోతానంటున్నావు? మన కుర్రాళ్ళు నిన్ను తక్కువ చూశారా? నేను తక్కువ చూశానా?"

"అదేం మాట బాబాయ్!" నీల్ ఫోర్కు కింద పెట్టాడు. "రెన్‌ఫోర్త్ వాళ్ళు అక్కడి గాజు ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తామన్నారు. నేల మీద పని. వెళ్ళి చూసొచ్చాను. ఆ గోడ నిండా కిటికీలున్నాయి బాబాయ్. పని చేస్తూ తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది." కాసేపు ఆగి గొంతు తగ్గించాడు. "నాన్న ఆ మెట్లెక్కి పడుకోవడానికి నాలుగుసార్లు కూర్చునేవాడు. చివరికి పక్క కిందికే దించాం. నీకు తెలియందేముంది."

పిండి మీద ఎడ్నా అప్పడాల కర్ర కాస్త గట్టిగా నడిచింది.

ఇక్కడితో లేచి వచ్చేస్తే క్లిఫ్ బాగుపడి ఉండేవాడు. కాని అతని కళ్ళ ముందు మైదానం ఉంది. శనివారాలు షిఫ్టు దిగి మొహం కూడా కడుక్కోకుండా వచ్చి గట్టు మీద నిలబడే నాలుగువేల మంది ఉన్నారు. వాళ్ళకు ఆ గంటన్నర తప్ప వారంలో మరో వెలుగు లేదు. జట్టు రెండో డివిజన్‌కి జారితే ఆ నాలుగువేలూ నాలుగువందలవుతారని, ఆ తర్వాత గేటుకు తాళం పడుతుందని అతనికి తెలుసు. గుండె రాయి చేసుకుని మొదలుపెట్టాడు.

"నీల్, నాకూ నీలాంటి రోజు ఒకటొచ్చింది. అరవై ఒకటిలో. అప్పుడు నాకు ఇరవై ఆరు. ఇదే రెన్‌ఫోర్త్ వాళ్ళు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. వచ్చి..."

అప్పడాల కర్ర ఆగింది.

"వచ్చారా, క్లిఫ్?" అంది ఎడ్నా.

క్లిఫ్ తల తిప్పి చూశాడు. ఆవిడ అతన్ని చూడటం లేదు, పిండిని చూస్తోంది.

"ఊరి మాట ఊరు చెప్పుకుంటుంది. నేను నిన్ను అడుగుతున్నాను. ఆ ఆదివారం వాళ్ళు వచ్చారా?"

వాళ్ళు రాలేదు.

ఆ ఆదివారం భార్య డోరిన్ అక్కగారింటికి వెళ్ళింది. క్లిఫ్ అట్ట పెట్టె ఒకటి దించి రెండు చొక్కాలు, గడ్డం సామాను, బూట్లు సర్దుకున్నాడు. సంతకం చేసి వచ్చాకే డోరిన్‌కి చెబుదామనుకున్నాడు. పదింటికి కారు పంపిస్తామన్నారు. తొమ్మిదింటి నుంచే మంచం అంచున, ఒళ్ళో పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండయింది, ఒంటిగంటయింది. కింద వీధిలో ఏ చప్పుడైనా కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. నాలుగింటికి, డోరిన్ వచ్చే వేళకు, పెట్టెలోవన్నీ తీసి ఎక్కడివక్కడ పెట్టేశాడు. బుధవారం పత్రికలో పెద్దక్షరాలతో పడింది: ఆర్మిటేజ్ రెన్‌ఫోర్త్‌ని కాదన్నాడు, హెక్‌బీ బిడ్డ హెక్‌బీలోనే. గనిలోకి దిగుతుంటే లిఫ్టులో ఉన్న ఇరవై మందీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య, చీకట్లోకి జారిపోతూ, కాదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తర్వాత ఇక ఆ ఊసే ఎత్తలేదు.

వెళ్ళిపోతున్నానని అతను ముందుగా చెప్పింది ఒక్కరికే. హోరేస్‌కి. హోరేస్ చచ్చేదాకా ఆ మాట బయట పెట్టలేదు. ఆ మౌనానికి తాను జీవితాంతం రుణపడ్డాననే క్లిఫ్ నమ్మకం.

"రాలేదు," అన్నాడు క్లిఫ్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రాలేదు ఎడ్నా. నేను పెట్టె సర్దుకుని కూర్చున్నాను. వాళ్ళే రాలేదు."

నీల్ కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడయింది. "అంటే... నువ్వు కాదనలేదా?"

"వాళ్ళు వస్తే కదా కాదనడానికి!"

ఎడ్నా చేతుల పిండి దులుపుకుంది. కుర్చీ లాక్కుని క్లిఫ్ ఎదురుగా కూర్చుంది. ఆరేళ్ళుగా దాచుకున్నది చెప్పేవాళ్ళు ఏడుస్తారంటారు, ఆవిడ ఏడవలేదు. పాలవాడి చీటీ చదివినట్టు చెప్పింది.

"ఎందుకు రాలేదో తెలుసా? ముందురోజు శనివారం సాయంత్రం హోరేస్ రెన్‌ఫోర్త్ వెళ్ళాడు. నీ భుజం పోయిందని, కట్లు కట్టుకుని దాచిపెట్టి ఆడుతున్నావని, మరో సీజన్‌కి పనికిరావని వాళ్ళతో చెప్పొచ్చాడు. నీ స్నేహితుడు చెప్పాడు కనక వాళ్ళు నమ్మారు. పత్రికవాళ్ళకి ఆ గొప్ప కథ చెప్పిందీ ఆయనే. పోయే ముందు వారం నాతో చెప్పుకున్నాడు."

కుంపటిలో బొగ్గు ఒకటి విరిగి పడింది.

"ఎందుకు?" అన్నాడు క్లిఫ్.

"నేనూ అదే అడిగాను. కింద, ఆ సొరంగంలో, నీ పక్కన కాక మరొకడి పక్కన పని చెయ్యలేనన్నాడు. భయమన్నాడు. అంత మనిషి! పైకప్పు గట్టిగా మూలిగినప్పుడు నీ గొంతు వినపడితే చాలు, చెయ్యి వణకడం ఆగేదిట. నువ్వు పోతే నేను దిగలేను ఎడ్నా, అన్నాడు."

క్లిఫ్ లేచి పెరటి తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఇటుకల పెరడు, బొగ్గు కొట్టు, బట్టల తాడు. అక్కడికి నాలుగడుగులు, ఇక్కడికి నాలుగడుగులు. కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చచ్చినవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గాజు ఫ్యాక్టరీ, కిటికీలు, ఆకాశం. తాను ఎక్కని బస్సులు, ఆడని మైదానాలు. ఈరోజుకీ ఎడమ చెయ్యి చెవి దాకా లేవదు. ఆ అబద్ధం చెప్పిన రెండేళ్ళకే భుజం నిజంగా పోయింది. ఆ భుజం కింద హోరేస్ ఎప్పుడూ ఉన్నాడు. ఒకసారి కప్పు కూలినప్పుడు క్లిఫ్ కాలు పట్టి బయటికి లాగిందీ వాడే. అది తలచుకుంటే కోపం సగంలో తెగిపోయి, మళ్ళీ మొదలయ్యేది.

వెనకాల నీల్ వచ్చి నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు.

"బాబాయ్, నేను ఉండిపోతాను."

"ఏంటీ?"

"రెన్‌ఫోర్త్ పోను. మా నాన్న నీ దారి మూసేశాడు. ఇప్పుడు నేను నీ జట్టుని నడిరోడ్డు మీద వదిలేసి వెళ్ళిపోతే ఇక మా వంశానికి మొహమెక్కడ? ఐదింటికి వస్తాను. ఉంటానని చెబుతాను."

గుమ్మంలో ఎడ్నా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు కాళ్ళకున్న తాడు తెంపుదామని ఆరేళ్ళ రహస్యం విప్పింది. అదే తాడు మెడకు చుట్టుకుంది. "ఒరేయ్ నీల్," అంది. క్లిఫ్ వైపు చూసింది.

క్లిఫ్ చెయ్యవలసింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. జట్టు నిలుస్తుంది, గేటుకు తాళం పడదు, గ్రేంజర్ భుజం తడతాడు, కోచ్ ఉద్యోగం ఉంటుంది. కుర్రాడు తనంతట తానే అన్నాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఊరుకోవడం అతనికి పదిహేడేళ్ళుగా అలవాటున్న పనే.

"కోటు వేసుకో," అన్నాడు చివరికి. "మైదానానికి నడుద్దాం."

గట్టు వీధి మలుపులో ఎవరో "ఉంటున్నావా నీల్?" అని కేకేశారు. నీల్ చెయ్యి ఊపాడు. క్లిఫ్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. రెండుసార్లు ఏదో చెప్పబోయి దగ్గాడు.

గ్యాలరీ కింద ఉన్న కమిటీ గదిలో నొప్పుల నూనె వాసన, తడి కోట్ల వాసన. గ్రేంజర్ ముందుగానే కూర్చుని ఉన్నాడు. లావుపాటి, తెల్లటి చేతులు. ఎప్పుడు చూసినా కడుక్కున్నట్టే ఉంటాయి. అరవై ఒకటిలో ఈయన క్లబ్బుకి సెక్రటరీ. చైర్మన్ అయి పదేళ్ళు. పక్కన స్థానిక పత్రిక నుంచి వచ్చిన సన్నపాటి మనిషి పెన్సిలు చెక్కుకుంటున్నాడు, కెమెరా బల్ల మీద ఉంది. ఫోటోకి చోటు కూడా చూసి పెట్టుకున్నారన్నమాట.

"రండి, రండి!" గ్రేంజర్ లేచాడు. "మొహాలు చూస్తేనే తెలుస్తోంది. క్లిఫ్, నువ్వు వాడి భుజం మీద చెయ్యి వెయ్యి. ఆనాటి హెక్‌బీ బిడ్డ, ఈనాటి హెక్‌బీ బిడ్డ. రాసుకో నాయనా."

నీల్ నోరు తెరిచాడు. క్లిఫ్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు, స్క్రమ్‌లో పట్టుకున్నంత గట్టిగా.

"ముందు నేను మాట్లాడాలి, గ్రేంజర్ గారూ. రాసుకునేవాళ్ళు రాసుకోవచ్చు."

"మాట్లాడు, మాట్లాడు. పదిహేడేళ్ళకి నోరు విప్పుతున్నావు!"

"అరవై ఒకటిలో నేను రెన్‌ఫోర్త్‌ని కాదనలేదు. వాళ్ళు రాలేదు. నేను పెట్టె సర్దుకుని నాలుగింటి దాకా కూర్చున్నాను. కారు వచ్చి ఉంటే ఎక్కి ఉండేవాణ్ణి. వెనక్కి తిరిగి కూడా చూసేవాణ్ణి కాదు."

పెన్సిలు ఆగిపోయింది.

"ఈ ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది, నేను దిగలేకపోయాను. అంతే. ఆ కథ చూపించి ఈ కుర్రాణ్ణి మళ్ళీ గనిలోకి దింపమన్నారు మీరు. నేను దింపను. వాడు ఉంటానంటాడు ఇప్పుడు. వాడి మాట మీరు తీసుకోకండి. అది వాడి మాట కాదు. నీల్, నాకు నువ్వేమీ బాకీ లేవు. ఎవరూ లేరు. రెన్‌ఫోర్త్ వెళ్ళు. కిటికీ పక్కన చోటు చూసుకో. జట్టు పడితే పడుతుంది, దాన్ని లేపడానికి నేనున్నాను. మీరు ఉంచితే ఉంటాను."

నీల్ కళ్ళు నిండాయి. ఏదో అనబోయాడు. "బాబాయ్, మా నాన్న..."

"ఇంటికి నడు. మీ అమ్మ రొట్టెలు చల్లారిపోతున్నాయి. వెళ్ళు."

నీల్ గడప దగ్గర ఒక్కక్షణం ఆగాడు. తర్వాత తలుపు మెల్లిగా మూసుకుని వెళ్ళాడు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు మొదట నెమ్మదిగా, పోనుపోను వడివడిగా వినిపించింది. క్లిఫ్ ఆ చప్పుడు ఆఖరి మెట్టు దాకా విన్నాడు. భుజం నొప్పిగా ఉంది. ఊపిరి మాత్రం చాలాకాలానికి ఛాతీ అడుగుదాకా వెళ్ళింది. రేపు పత్రిక వస్తుంది. డోరిన్ చదువుతుంది. ఆమెకు తానే ముందు చెప్పాలి, ఈ పూటే చెప్పాలి అనుకున్నాడు.

గ్రేంజర్ కోప్పడలేదు. అరవలేదు. పత్రికాయన వైపు తిరిగి, "కాస్త బయట టీ తాగి రా నాయనా," అన్నాడు. ఆయన వెళ్ళాక తలుపు గడియ తానే పెట్టాడు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, ఆ తెల్లటి చేతులు రెండూ బల్ల మీద పరిచాడు.

"నిజాయితీపరుడివే, క్లిఫ్. కుర్రాడి ముందు వాళ్ళ నాన్న పరువు నిలబెట్టావు. అందుకు మెచ్చుకుంటాను." గ్రేంజర్ నవ్వాడు. "కాని నాకొకటి చెప్పు. ఆ శనివారం హోరేస్ స్పెయిట్ ఒక్కడే రెన్‌ఫోర్త్ వెళ్ళాడనుకుంటున్నావా?"

ఆ గదిలోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి క్లిఫ్ హోరేస్ పేరు గాని, ఆ శనివారం మాట గాని ఎత్తలేదు.